తాలు కుప్పలో పుస్తకాలు

చదివే పెద్దలందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నాకు రాయటం రాదు. అయిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పలక పట్టింది లేదు, మిరపకాయల గంప పట్టటమే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఎప్పుడూ అనుమానమే. ఈ కాగితం ముందేసుకుని కూచుంటే పెళ్ళిచూపులకి కూచున్నట్టు చెమట్లు పడుతున్నాయి. తప్పులుంటాయి. ముందే చెబితే తిట్టేవాళ్ళు కాస్త మెల్లగా తిడతారని చెబుతున్నా.

ఇది రాయమన్నది మా పై వాటాలో ఉండే అమ్మాయి. ఇప్పుడు నేను మంగళగిరిలో మా కూతురి దగ్గర ఉంటున్నా. ఆ అమ్మాయి ఏదో ఆఫీసులో పనిచేసుకుంటూనే పాత పుస్తకాలు కొని, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముతుంది. మొన్నొకరోజు మెట్ల మీద కూచుని ఒక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా ఉంది. ఏందమ్మా అట్టా ఉన్నావంటే, దీనికి పైన కాగితం అట్ట ఒకటి ఉండేదాంటీ, ఎవరో శుభ్రం చేస్తున్నామనుకుని తీసి పారేశారు, అది ఉంటే దీని సంగతే వేరు అంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. ఆ మెట్ల మీదే కూచుని మా పెద్దమ్మ సంగతి మొత్తం చెప్పా. విని విని, ఆంటీ ఇది మీరు రాయాలి అని పట్టుపట్టింది. ఆ పిల్ల మాట కాదనలేక రాస్తున్నా.

మాది అద్దంకి పక్కన పల్లె. మా అమ్మ నా చిన్నప్పుడే ప్రభువు దగ్గరికి పోయింది. మా అమ్మ అక్క రూతమ్మ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఆమే నన్ను పెంచింది. ఆమె భర్త, మా పెద్దనాన్న, బళ్ళో పంతులు. ఊళ్ళో అందరూ దావీదు పంతులుగారు అనేవాళ్ళు. వాళ్ళకి పిల్లలు లేరు. పెద్దనాన్నకి పుస్తకాల పిచ్చి. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. శనివారం బడి వదలగానే గుంటూరు బస్సెక్కేవాడు. పాత కాగితాలు తూకానికి కొనే కొట్ల దగ్గర కూచుని బస్తాలు తిరగేసి తిరగేసి, సాయంత్రానికి గుడ్డసంచీ నింపుకుని వచ్చేవాడు. ఎవరింట్లో అయినా పెద్దాయన పోయాడంటే ముందు పరామర్శకి పోయేది ఈయనే, నెల తిరిగేసరికి ఆ ఇంటి అటక మీద పుస్తకాలు మా ఇంట్లో ఉండేవి. మిషను బంగళా ఖాళీ చేసినప్పుడు కుర్చీలూ బల్లలూ అందరూ మోసుకుపోతే, ఈయన రెండు పెట్టెల పుస్తకాలు ఒంటెద్దు బండి మీద వేసుకొచ్చాడంట. పెద్దమ్మ ఆ సంగతి బతికినంతకాలం చెప్పేది, కుర్చీ ఒక్కటన్నా తేలేదు ఈ మనిషి అని.

సంచీతో వచ్చేటప్పుడు ముందు గుమ్మంలో నుంచి రాడు. దొడ్డివైపు నుంచి వచ్చి, చిక్కుడు పాదు కింద సంచీ పెట్టి, ఏమీ ఎరగనట్టు చేతులూపుకుంటూ ముందు నుంచి వచ్చేవాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, చిక్కుడు పాదు కాసిందా ఈ వారం కూడా అనేది. అంతే, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు కొన్నిసార్లు. కొన్నిసార్లు పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడేది కాదు. ఆమె కోపంలో తప్పేముంది. కళ్ళాల్లో వేళ్ళు మండేదాకా మిరపకాయలు ఏరి తెచ్చిన కూలితో ఇల్లు నడిపేది ఆమె. ఆయన జీతం సగం ఆ సంచీలోకే పోయేది.

ఇంటికి ఆనుకుని ఒక గది ఉండేది, ఒకప్పుడు పొగాకు ఆరేసిన గది. దాంట్లో పెట్టేవాడు పుస్తకాలన్నీ. చెదలూ పురుగూ పట్టకుండా వరసల మధ్యలో ఎండు పొగాకు కాడలు పెట్టేవాడు. ఆ గది తలుపు తీస్తే వచ్చే వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పొగాకు ఘాటూ, పాత కాగితం తీపీ, కొంచెం పిల్లి వాసన. నేను కళ్ళం నుంచి వచ్చి పుస్తకం ముట్టుకోబోతే చేతులు కడుక్కోమనేవాడు, ఒకసారి కాదు, సున్నిపిండి వేసి రుద్ది కడుక్కోమనేవాడు. వేలు నాలిక్కి తడి చేసి పేజీ తిప్పితే ఊరుకునేవాడు కాదు. నాకూ తిక్కే, ఒకసారి కడుక్కోకుండానే తిరగేసి పెట్టేశా. తర్వాత ఆయన అదే పుస్తకం తీసి చదువుకుంటూ కళ్ళు నులుముకున్నాడు. ఇక చూడండి, నీళ్ళ తొట్టిలో మొహం పెట్టి ఆ సాయంత్రమంతా లేవలేదు. పెద్దమ్మ నవ్వలేక చచ్చింది. చదువు ఘాటెక్కింది పంతులుగారికి అంది.

ఆ పెద్దనాన్న ఒకరోజు బళ్ళో పాఠం చెబుతూనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. అద్దంకి ఆస్పత్రికి చేరేలోపలే పోయాడు. సమాధి కార్యక్రమం అయిన తర్వాత ఇంట్లో మిగిలింది పెద్దమ్మా, నేనూ, ఆ గదీ. నాకప్పటికి పెళ్ళి కాలేదు, పెద్దమ్మతో పాటే కళ్ళాలకి పోతున్నా.

పెద్దనాన్న తమ్ముడు ఏసుపాదం బాబాయి మా వెనక ఇంట్లోనే ఉండేవాడు. చెడ్డవాడు కాదు. నోరు మాత్రం తిన్నగా ఉండదు. కౌలుకి పత్తి వేశాడు ఆ ఏడు. దోమ పట్టి మందులు కొట్టి కొట్టి విసిగిపోయి ఉన్నాడు. వచ్చిన నాలుగు బస్తాల పత్తి తడవకుండా పెట్టుకోవటానికి ఆ గది కావాలన్నాడు. వదినా, చెత్తంతా తూకానికి ఇచ్చెయ్యి, గది నేను సున్నం కొట్టించుకుంటా అన్నాడు. పెద్దమ్మ చూద్దాంలే అంది. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. మా అన్న జీవితమంతా బజార్లో కాగితాలేరుకుని బతికాడు వదినా, ఆ మాట నువ్వూ ఎన్నిసార్లు అన్లేదు అన్నాడు. పెద్దమ్మ లోపలికి పోయి పొయ్యి ముందు కూచుంది. నిప్పు లేని పొయ్యి. నేను పోయి పక్కన కూచుంటే నా వైపు తిరిగింది.

"నేను అన్నానే. నిజంగానే అన్నా. మొహం మీదే అన్నా. ఇప్పుడు అది నిజమో కాదో నాకు తెలియాలి."

అప్పట్నుంచి ఆమెకి అదొక్కటే. ఆ గది ఉంటుందా పోతుందా అనేది పైకి. లోపల మాత్రం ఇంకోటి. ఇన్నేళ్ళు ఒక తెలివితక్కువ మనిషితో కాపురం చేశానా, తెలివైన మనిషిని తెలుసుకోలేక తిట్టుకున్నానా. రెంటిలో ఏది అయినా ఆమెకి బాధే. అయినా తెలియాలంది.

గుంటూరులో శేషగిరిగారని పాత పుస్తకాలు కొని అమ్మే పెద్దమనిషి ఉండేవాడు. పెద్దనాన్న ఆయన దగ్గరే ఎక్కువ తిరిగేవాడు. పోయిన సంగతి తెలిసి కార్డు ముక్క రాశాడు, ఫలానా మంగళవారం వస్తాను, పుస్తకాలు ఒకసారి చూస్తాను, తీసుకోదగినవి ఉంటే తీసుకుంటాను అని. ఆ కార్డు నేనే చదివి వినిపించా. పెద్దమ్మ లేచి కొంగు దోపింది. కొనేవాడు వస్తున్నాడంటే సరుకు సిద్ధం చెయ్యాలి గదా అంది.

మా పెద్దమ్మ గురించి ఒక మాట చెప్పాలి ఇక్కడ. మిర్చి ఏరటంలో ఆమెని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కుప్ప ముందు కూచుంటే చెయ్యి కనపడదు. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒకవైపు, రంగు కాస్త తగ్గింది ఒకవైపు, తెల్లమచ్చ పడ్డది, ముడుచుకుపోయింది తాలు కింద ఇంకోవైపు. తొడిమ ఊడకొట్టాల్సిన చోట ఊడకొట్టేది. రూతమ్మ చెయ్యి పడ్డ కాయ అంటే గుంటూరు యార్డులో బేరం ఆడకుండా కొంటారని రైతులు ఆమెకి కబురు పెట్టి పిలిపించుకునేవాళ్ళు. అట్టాంటి మనిషి పుస్తకాలు సిద్ధం చెయ్యాలంటే ఎట్టా చేస్తుంది. తనకి తెలిసినట్టే చేసింది.

ముందు అన్నీ బయటికి తెచ్చి వాకిట్లో పట్టాలు పరిచి ఎండబెట్టాం. మధ్యాహ్నం దాకా ఒకవైపు, ఆ తర్వాత తిరగేసి రెండోవైపు. వాసన పోవాలి, చెమ్మ పోవాలి అంది. ఎండకి కొన్ని తోలు అట్టలు అప్పడాల్లాగా లేచాయి. ఆరితే అట్టాగే ఉంటాయిలే అంది. తర్వాత ఏరటానికి కూచున్నాం. లావుగా ఉండి, గట్టి అట్ట ఉండి, వెనక బంగారు అక్షరాలు మెరిసేవి ఒక కుప్ప. కాస్త వెలిసినా గట్టిగా ఉన్నవి ఇంకో కుప్ప. పల్చగా, రంగుకాగితం అట్టతో, మూలలు నలిగి, కుట్టు దారం కనపడుతూ ఉన్నవి తాలు. లావు పుస్తకాలకి పైన తొడిగిన కాగితం అట్టలు చిరిగినవన్నీ పెద్దమ్మ తొడిమలు ఊడకొట్టినట్టు టకటకా ఊడకొట్టేసింది. లోపల్నించి కొత్త గుడ్డ అట్టలు బయటపడ్డాయి. చూడు, కొత్త పెళ్ళికూతుళ్ళలాగా ఉన్నాయి అని మురిసింది.

మొదటి పేజీల్లో పేర్లూ సంతకాలూ ఉన్న పుస్తకాలు చాలా ఉన్నాయి. నేను రెండు మూడు చదివి చెప్పేసరికి పెద్దమ్మకి భయం పట్టుకుంది. ఒకరి పేరున్న వస్తువు ఇంకొకరి ఇంట్లో ఉంటే ఏమనుకుంటారు, పంతులు దొంగిలించాడనుకోరా, పోయిన మనిషికి ఆ మాట ఎందుకు రావాలి అంది. ఆ సాయంత్రం నేను చర్చికి పోయి వచ్చేసరికి, చేత్తో రాసినట్టు కనపడిన ఆకులన్నీ శ్రద్ధగా చింపి పొయ్యిలో పెట్టింది. అన్నం ఆ మంట మీదే ఉడికింది. తాలు అంతా కాగితం అట్టలతో సహా ఒక సంచీలో కుక్కి సెంటర్లో నాగులు బజ్జీల కొట్టుకి ఇచ్చాం. ఊరికే ఇవ్వలేదు. తాలుకీ కొనేవాడు ఉంటాడు. రెండు పొట్లాల బజ్జీలు ఇచ్చాడు.

మంగళవారం శేషగిరిగారు వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల పంచె, చంకలో గొడుగు. మజ్జిగ ఇస్తే తాగి, నీళ్ళడిగి చేతులు కడుక్కుని తన రుమాలుతోనే తుడుచుకున్నాడు. ఏసుపాదం బాబాయి అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు, తీర్పు వినటానికి వచ్చినట్టు. మొదటి రకం కుప్ప ముందు పెట్టాం. శేషగిరిగారు ఒక్కొక్కటీ తీసి ముందు పేజీ చూడడు, చివరి పేజీ చూస్తాడు. తర్వాత మొదట్లో అచ్చు వేసిన వాళ్ళ పేరుండే పేజీ. వెలుతురుకి పెట్టి చూస్తాడు. వాసన చూస్తాడు. పక్కన పెడతాడు.  కుప్ప తరిగేకొద్దీ పెద్దమ్మ మొహం వాడిపోతోంది. అది అయిపోయి రెండో కుప్ప కూడా చూశాక మెల్లగా అన్నాడు.

"ఇవి మంచి పుస్తకాలేనమ్మా. కానీ ఇవి ప్రతి ప్లీడరు ఇంట్లోనూ, ప్రతి బంగళాలోనూ ఉన్నవే. లావు అట్ట చూసి అందరూ దాచుకున్నారు. అందరూ దాచుకున్నదానికి వెతుక్కునేవాడు ఉండడు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పెద్దమ్మ అటు చూడలేదు. శేషగిరిగారు మళ్ళీ ఒక పుస్తకం తీసుకుని అట్ట మీద వేలితో తడిమాడు. ఎండిన అంచు చూశాడు. దీనికి పైన కాగితం అట్ట ఉండి ఉండాలే, గుడ్డ రంగు ఇంత కొత్తగా ఉంది అన్నాడు. చిరిగిపోతే తీసేశామండీ అంది పెద్దమ్మ. ఇంకేం తీసేశారమ్మా అని అడిగాడు. పెద్దమ్మకి అప్పటికి ఏదో తేడా తెలిసింది, అయినా దాచలేదు, తాలు సంగతంతా చెప్పింది. ఎన్ని రకాలుగా ఏరిందో, ఏది ఎందుకు తీసేసిందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన వింటూ వింటూ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఆ బజ్జీల కొట్టు ఎటువైపమ్మా అన్నాడు.

ఆ రోజు మా సెంటర్లో జనం చూసిన చోద్యం అది. ముందు గొడుగు వేసుకుని శేషగిరిగారు, వెనక పెద్దమ్మ, ఆ వెనక నేను. అరుగు మీద నుంచి బాబాయి, వదినా నీ తాలుకి గిరాకీ తగిలిందే అని అరుస్తూనే మా వెనకే వచ్చాడు. నాగులు ముందు ఒప్పుకోలేదు. బజ్జీలకి ఇచ్చిన కాగితం మళ్ళీ అడుగుతారేందమ్మా, నేను వేటిలో కట్టాలి అన్నాడు. బాబాయే, ఏరా నాగులూ, మా ఇంట్లో పాత పేపర్లు తెచ్చి పడేస్తాలే, నీ బజ్జీలు పేపర్లో కడితే చేదెక్కవు అని ఒప్పించాడు. అప్పటికి పైన ఉన్నవి కొన్ని పోయాయి. కొన్నిటికి నూనె మరక పడింది. కాగితం అట్టలు చాలా వరకు పోయాయి, వెడల్పుగా ఉన్నాయని వాటినే ముందు వాడాడంట. సంచీ అడుగున ఉన్నవి మాత్రం దొరికాయి.

వసారాలో చాప వేసి శేషగిరిగారు సంచీ కుమ్మరించాడు. ఇందాక కొట్టిన ఎండంతా ఆయన మొహం మీద ఉంది, అయినా నీళ్ళు కూడా అడగలేదు. ఒక్కొక్కటీ తీస్తున్నాడు. ఎక్కువ భాగం పక్కకే పెట్టాడు, ఆ మాట దాచకూడదు, తాలులో తాలే ఎక్కువ. కానీ కొన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. నాటకం కంపెనీ వాళ్ళు ఊరూరా అమ్ముకున్న పల్చటి పాటల పుస్తకం ఒకటి. పొగాకు నారు పోసేవాళ్ళకి ఎప్పుడో ఊరికే పంచిన కరపుస్తకం ఒకటి. బడిపిల్లలు చింపి పారేసే మొదటి వాచకం ఒకటి. పెద్దమ్మ ఓపికపట్టలేకపోయింది.

"అయితే మేం పారేసిందంతా బంగారమూ, దాచిందంతా చెత్తానా అండీ?"

"అట్టా కాదమ్మా. ఇట్టాంటివి చవకవి. చవకవి గనక అందరూ వాడారు, నలిపారు, పొయ్యిలో పెట్టారు. ఇంకెవరి దగ్గరా మిగల్లేదు. వీటిని చూస్తే జనం ఏం పాడుకున్నారో, ఏం చదువుకున్నారో తెలుస్తుంది. అది తెలుసుకోవాలనుకునేవాడు ఎప్పటికైనా వస్తాడు. వాడికి ఇది తప్ప ఇంకోటి దొరకదు. అదే దీని విలువ."

అప్పుడు ఆయన ఒక పుస్తకం చివరి పేజీ తిప్పి పెద్దమ్మకి చూపించాడు. కింద మూలలో పెన్సిలుతో చిన్న గీత, టిక్కు మార్కు. ఇంకోటి తిప్పాడు, దానికీ ఉంది. ఒళ్ళో పెట్టుకున్న వాటన్నిటికీ ఉంది. పక్కన పెట్టిన వాటికి లేదు. మొదటి రకం కుప్పలో ఒక్కదానికీ లేదు. పెద్దమ్మకి చదువు రాదు, కానీ గుర్తు పెట్టటం అంటే ఏందో తెలుసు. బస్తాల మీద రకాన్ని బట్టి గుర్తులు వేయించేది ఆమే గదా. వంగి దగ్గరగా చూసింది. ఇది ఎవరు పెట్టారండీ అంది. మీ ఆయనేనమ్మా అన్నాడు. పుస్తకం కొనగానే నా కొట్లోనే కూచుని పేజీలన్నీ ఉన్నాయా లేదా చూసుకునేవాడు, అన్నీ ఉంటేనే ఈ గీత గీసేవాడు, లావు పుస్తకాలు నేను బలవంతంగా అంటగట్టినవి, బస్తాతో పాటు వచ్చినవి, వాటిని ఆయన విప్పి కూడా చూసేవాడు కాదు అన్నాడు.

పెద్దమ్మ ఆ గీత మీద బొటనవేలు పెట్టింది. ఆమె వేళ్ళు అప్పటికే మిరపకాయలకి తోలు లేచి ఉండేవి. 

చివరిగా గులాబీరంగు కాగితం అట్టతో అరచెయ్యంత పుస్తకం తీశాడు. వరినాట్లప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటలు. ఏ ఊరి పాస్టరుగారి భార్యో ఇంటింటికీ తిరిగి విని రాసుకుని, వేటపాలెంలో ఎక్కడో చిన్న అచ్చాఫీసులో వేయించిందంట. ఆయన ఇన్నేళ్ళ వ్యాపారంలో దాని పేరు వినటమే గానీ కళ్ళతో చూడలేదన్నాడు. గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదట్లో తెరిచాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది. అట్ట తర్వాత ఉండాల్సిన ఆకు లేదు. చింపినచోట సన్నటి అంచు మిగిలింది. ఆ అంచు మీద సిరాతో రాసిన అక్షరాల మొదటి ముక్కలు, కొమ్ములూ తలకట్లూ, నాలుగైదు వరసలు కిందికి వరుసగా ఉన్నాయి.

ఎవరో ఎవరికో రాసి ఇచ్చారమ్మా దీన్ని అన్నాడు శేషగిరిగారు. ఆ పాటలు రాసుకున్నావిడే రాసి ఇచ్చి ఉండొచ్చు, పాట చెప్పిన మనిషికే ఇచ్చి ఉండొచ్చు, ఆ ఆకు ఉంటే తెలిసేది అన్నాడు. కోప్పడలేదు. అట్టా అన్నాడు, అంతే. పెద్దమ్మ మాత్రం ఆ అంచు చూసి పొయ్యి వైపు తల తిప్పింది. ఆ ఆకుల మంట మీద ఉడికిన అన్నం నేను కూడా తిన్నా.  ఏం రాసి ఉందో ఆమెకి తెలియదు, నాకు తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. మా పెద్దనాన్న తల్లి నాట్ల పాటలు బాగా పాడేదని మాత్రం ఊళ్ళో పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఆమెకే ఇచ్చారేమో. కాకపోవచ్చు కూడా. నేను తెలియనిది తెలిసినట్టు రాయను.

శేషగిరిగారు ఒళ్ళో ఉన్నవన్నీ తీసుకుంటానన్నాడు, మర్యాదైన బేరం చెప్పాడు. గులాబీ అట్టది ఆకు లేకపోయినా తీసుకుంటానన్నాడు. దొరికితే చాలు అన్నాడు. పెద్దమ్మ మిగతావి ఇచ్చింది. దాన్ని మాత్రం ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. అప్పుడు అడిగింది, ఇన్నాళ్ళు అడగాలనుకున్నది.

"ఆయన తెలిసే కొన్నాడా అండీ ఇవి? లేకపోతే కొనగా కొనగా తగిలినయ్యా?"

"నాకంటే ముందు ఆయన చెయ్యే పడేదమ్మా బస్తాలో. ఆయన తీసి పక్కన పెట్టింది చూసి, ఇందులో ఏముందని నేను ఆలోచించేవాణ్ణి. ఆ సంగతి ఆయన ఉన్నప్పుడు ఒప్పుకోలేదు, వ్యాపారస్తుణ్ణి గదా."

పెద్దమ్మ ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. లేచి ఆయనకి అన్నం వడ్డించింది. బజ్జీల కొట్టు దాకా ఎండలో తిప్పినందుకు క్షమించమంది. ఆయన తిని, కాగితంలో కట్టిన పుస్తకాలు చంకన పెట్టుకుని బస్సెక్కాడు. సాగనంపటానికి వచ్చిన మా దగ్గరికి, బస్సు కదలక ముందే బాబాయి వచ్చి నిలబడ్డాడు. ఇందాక నవ్విన నవ్వు లేదు. తేలిందా వదినా అన్నాడు.

"తేలిందయ్యా. నీ పత్తి వేరేచోట పెట్టుకో."

బాబాయి తల గోక్కుని, సరేలే అని వెళ్ళిపోయాడు. తర్వాతి వారం ఆయనే వచ్చి గది పైకప్పు రేకులు సరిచేసిపోయాడు, ఎవరూ అడగలేదు.

పొద్దు వాలాక పెద్దమ్మ వసారాలో కూచుని గులాబీ అట్ట పుస్తకం నా చేతికిచ్చి చదవమంది. నేను అప్పటికి చదువు మానేసి చాలాకాలమైంది, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నా. ఒక పాట సగంలో నేను ఒకచోట ఆగితే, పెద్దమ్మ ఆ తర్వాతి వరస పాడేసింది. పుస్తకంలో అట్టాగే ఉంది. ఇంకో పాటలో ఆమె పాడింది వేరేగా ఉంది, అచ్చులో వేరేగా ఉంది. మా అత్త అట్టా పాడేది కాదు, ఇట్టా పాడేది అని మళ్ళీ పాడింది. నాట్లలో అత్త వెనక వంగి నడుస్తూ నేర్చుకుందంట కొత్తకోడలుగా ఉన్నప్పుడు. ఈ పాటలు ఆమెకి వచ్చని నాకు తెలియదు. ఇన్నేళ్ళు కలిసి ఉన్న మనిషి, మిరపకాయల ఘాటుకి దగ్గటమే తప్ప పాడటం నేను వినలేదు. ఆయనకి తెలుసా ఈ పాటలు నీకొచ్చని అని అడిగా. ఎప్పుడన్నా పాడబోతే పుస్తకంలోంచి తల ఎత్తేవాడు కాదు, అందుకని మానేశా, ఇప్పుడు తెలుస్తోంది, తల ఎత్తకుండా వింటున్నాడేమో అంది. అని, ఇంకో పేజీ తిప్పవే అంది.

ఇప్పుడు అన్నీ మారిపోయాయి. పై వాటా అమ్మాయి ఫోన్లో వేలు పెట్టి జరిపితే ఏ పుస్తకం ఎక్కడుందో, ఎవరడుగుతున్నారో కనపడుతుంది. అట్ట ఉంటే ఒక రేటు, లేకపోతే ఒక రేటు, పేరు రాసి ఉంటే అది ఎవరి పేరన్నదాన్ని బట్టి రేటు. ఆ పిల్ల తప్పు అనటంలేదు, శేషగిరిగారు చెప్పింది కూడా అదే గదా. మిర్చి కూడా ఇప్పుడు చల్లటి గోడౌన్లలో పెడుతున్నారు, రంగు మిషన్లు చూస్తున్నాయంట. చూసే కన్ను ఎప్పుడూ కావాలి, అది నేను ఒప్పుకుంటా. మా పెద్దమ్మకి కన్ను ఉంది, మిరపకాయకి. మా పెద్దనాన్నకి కన్ను ఉంది, కాగితానికి. ఒకే ఇంట్లో పాతికేళ్ళకి పైగా ఉండి కూడా ఒకరు చూసేది ఇంకొకరికి చూపించుకోలేదు. ఆయన ఒక్కసారి కూచోబెట్టి, రూతూ ఇది ఎందుకు దాచానంటే అని చెప్పి ఉంటే, ఆమె వినేది. తాలు కాయ ఎందుకు తాలో నాకు గంటలు గంటలు ఓపిగ్గా చెప్పిన మనిషి ఆమె. ఏ వస్తువు విలువైనా అంతేనేమో అనిపిస్తుంది నాకు, ఉన్నవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పకపోతే అది పొయ్యిలోకి పోవటానికి ఒక్క సాయంత్రం చాలు.

పెద్దమ్మ పోయేముందు ఆ పుస్తకం నాకిచ్చింది. పై వాటా అమ్మాయికి చూపించా. ఆ పిల్ల చేతులు కడుక్కొచ్చి మరీ పట్టుకుంది. చింపిన అంచు దగ్గర ఆగింది. ఎంతకిస్తారాంటీ అని మాత్రం అడగలేదు. ఈ పాటలు మీకూ వచ్చా ఆంటీ అని అడిగింది. వచ్చు. పెద్దమ్మ పాడినట్టే వచ్చు, అచ్చులో ఉన్నట్టు కాదు. రేపు ఆదివారం వస్తానంది, నేను పాడితే ఫోన్లో ఎక్కించుకుంటుందంట.

ఇంతకన్నా రాయటం నా వల్ల కాదు, వేళ్ళు నొప్పులు పుడుతున్నాయి. ఎక్కడో ఒత్తు మర్చిపోయి ఉంటా, ఎక్కడో ఒకే మాట రెండుసార్లు రాసి ఉంటా, ఏది ముందు చెప్పాలో ఏది తర్వాతో తెలియక కలిపేసి ఉంటా. చదువుకున్నవాళ్ళు మీరు, నా తప్పులు మీరే సర్దుకుని చదువుకోండి, ఈ ముసలిదాన్ని క్షమించండి.